పన్నుకు బదులు కొడుకులు: ఖోజాల వ్యాపారం, దాని చట్టాలు

మధ్యయుగ భారతదేశపు రాజాస్థానాల చరిత్రలో ఖోజా అనే మాట తరచుగా ఎదురవుతుంది. బాల్యంలోనే వృషణాలను, కొన్నిసార్లు జననాంగాన్ని కూడా తొలగించి, ఆ తర్వాత రాజుల ఇళ్లలో, ప్రభువుల ఇళ్లలో జనానా కాపలాకు, అంటే స్త్రీలు నివసించే లోపలి భవనాల రక్షణకు, నియమించిన బానిస పురుషుణ్ణి ఆ మాట సూచిస్తుంది. పారశీక దర్బారు మర్యాదలో అతణ్ణే ఖ్వాజాసరా అని పిలిచారు. గుజరాత్ తీరంలోని ఖోజా వర్తక సమాజానికీ ఈ మాటకూ సంబంధం లేదు. ఈ పురుషుల గురించి చరిత్రకారులు రాసినదాంట్లో ఎక్కువ భాగం వారి పదవుల గురించి, వారు పన్నారని చెప్పే కుట్రల గురించి, వారు కూడబెట్టిన సంపద గురించి రాసినదే. వారి శరీరాలపై జరిగినది హింస అనీ, ఆ హింసకు మగపిల్లలను ఎంచుకున్నది వారు మగపిల్లలు అయినందువల్లేననీ గుర్తుపెట్టుకుని ఆ పుటలను చదివినవారు తక్కువ. ఒక మనిషి స్త్రీ అయినందునో పురుషుడు అయినందునో, ఆ స్త్రీత్వానికో పురుషత్వానికో సమాజం కట్టిన విలువనే గురిగా చేసుకుని సాగించే హింసను లింగాధారిత హింస అంటారు. ఈ నిర్వచనానికి ఖోజాల వ్యాపారం కంటే స్పష్టమైన ఉదాహరణ పురుషుల చరిత్రలో దొరకడం కష్టం. అయినా దానికి గురైనవారు ప్రభుత్వ పత్రాల్లో సరుకుగా, కానుకగా, అధికారిగా, చివరికి అనుమానితుడిగా కనిపిస్తారు తప్ప అన్యాయానికి గురైన మనిషిగా కనిపించే సందర్భాలు వేళ్లమీద లెక్కించదగినవే.

ఈ ఆచారం ఢిల్లీ సుల్తానులతోనే ఈ దేశంలోకి వచ్చిందని అనుకోవడం సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే రాజాంతఃపురపు సేవకుల్లో వర్షవరులనే నపుంసకుల ప్రస్తావన ఉంది, సంస్కృత నాటకాల్లోనూ వారు పాత్రలుగా వస్తారు. వారు పుట్టుకతోనే అలాంటివారా, శస్త్రంతో అలా చేయబడినవారా అన్నది ఆ గ్రంథాలు తేల్చి చెప్పవు. సమాజం వారికి ఇచ్చిన స్థానాన్ని మాత్రం ధర్మశాస్త్రాలు దాచలేదు. మనుస్మృతి క్లీబుణ్ణి, అంటే పుంస్త్వం లేనివాణ్ణి, తండ్రి ఆస్తిలో వాటాకు అనర్హుల జాబితాలో చేర్చి, అతనికి తిండి, బట్ట మాత్రం ఇవ్వమంది. యాజ్ఞవల్క్య స్మృతి, దానిపై వచ్చిన మితాక్షర వ్యాఖ్య కూడా ఆ దారినే నడిచాయి. తెలుగువారి సాహిత్య జ్ఞాపకంలో ఈ స్థితికి ప్రతినిధి తిక్కన విరాటపర్వంలోని బృహన్నల. అర్జునుడి నపుంసకత్వం ఊర్వశి శాపఫలం, దానికి ఒక ఏడాది గడువు ఉంది, గడువు తీరగానే గాండీవం చేతికి వచ్చి అవమానమంతా పరాక్రమంగా మారిపోతుంది. ఆ కథ ఇచ్చే ఊరట నిజంగా కోతకు గురైన పిల్లలెవరికీ లేదు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కృష్ణదేవరాయల రాణివాసపు స్త్రీల వెంట ఖోజాలు ఉండడాన్ని నమోదు చేశాడు. అందువల్ల ఈ వ్యవస్థను ఒక మతానికో ఒక వంశానికో అంటగట్టి మిగిలినవారు చేతులు కడుక్కునే వీలు లేదు.

పిల్లలు ఎక్కడినుంచి వచ్చారన్న ప్రశ్నకు మధ్యయుగపు సాక్ష్యాల్లో ఎక్కువ భాగం బెంగాల్ వైపు చూపిస్తుంది. పదమూడవ శతాబ్దపు చివర మార్కో పోలో, బెంగాల్‌లో ఖోజాలు ఎక్కువనీ చుట్టుపక్కల ప్రభువులంతా అక్కడినుంచే వారిని తెప్పించుకుంటారనీ చెప్పాడు. పదహారవ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఈ దేశంలో ఉన్న పోర్చుగీసు ఉద్యోగి దువార్తె బర్బోసా మరింత వివరంగా రాశాడు. వర్తకులు లోపలి ప్రాంతాలకు వెళ్లి పిల్లలను తల్లిదండ్రుల దగ్గర కొనడమో, ఎత్తుకు రావడమో చేసి కోయించేవారనీ, ఆ పిల్లల్లో చాలామంది చచ్చిపోయేవారనీ, బతికినవారిని పెంచి పర్షియా వర్తకులకు మంచి ధరకు అమ్మేవారనీ అతని కథనం. కోత తర్వాత బతికిన పిల్లవాడి ధరలో, చచ్చిపోయిన పిల్లల మీద పెట్టిన డబ్బు కూడా కలిసి ఉండేదన్న సంగతి ఈ వివరణలోనే అంతర్లీనంగా ఉంది. వర్తకుడికి మరణాలు వ్యాపార నష్టమే తప్ప నేరం కావు.

అక్బరు కొలువులో అబుల్ ఫజల్ కూర్చిన ఐన్-ఇ-అక్బరీ ఈ వ్యాపారాన్ని పాలకుల కంటితో చూపిస్తుంది. సామ్రాజ్యంలోని ప్రతి సుబాలోనూ, అంటే ప్రతి పెద్ద రాష్ట్రంలోనూ, ఏయే సర్కారులు, అంటే జిల్లాలు, ఉన్నాయో, ఎక్కడ ఏం పండుతుందో, ఏ సరుకు దొరుకుతుందో ఆ గ్రంథం ఓపికగా నమోదు చేస్తుంది. బెంగాల్ సుబాలోని సిల్హెట్ సర్కారు దగ్గరికి వచ్చేసరికి అక్కడి కొండల గురించి చెప్పి, అక్కడినుంచి ఖోజాలు ఎక్కువగా వస్తారని చెప్పి, ఆ వెంటనే అక్కడ కాసే సంతరా పండు తీపిని మెచ్చుకుంటుంది. ఎంతవరకు కోశారన్నదాన్ని బట్టి సందలీ, బాదామీ, కాఫూరీ అని ఖోజాలను మూడు రకాలుగా విభజించి, ఆ రకాలను కూడా అదే నిర్వికారమైన స్వరంతో వివరిస్తుంది. గంధం, బాదం, కర్పూరం వంటి సుకుమారమైన పేర్ల కింద చేరినవి పిల్లల గాయాలు. అబుల్ ఫజల్ క్రూరుడు కాడు, తన కాలంలో అతనంత విశాలంగా ఆలోచించినవారు తక్కువ. అలాంటి మేధావికి కూడా ఈ జాబితాలో తప్పు కనబడలేదంటే ఆచారం ఎంత లోతుగా పాతుకుపోయిందో అర్థమవుతుంది.

ఆ తప్పును పాలకుడే పేరు పెట్టి చెప్పిన అరుదైన సందర్భం 1608 నాటిది. సిల్హెట్ ప్రాంతపు రైతులు తమ కొడుకుల్లో కొందరిని ఖోజాలుగా చేయించి, చెల్లించవలసిన శిస్తుకు బదులుగా వారిని పాలకులకు అప్పగించే పద్ధతి ఉందనీ, అది మెల్లగా మిగతా సుబాలకు కూడా పాకి ఏటా కొందరు పిల్లలు సంతానానికి దూరమై చెడిపోతున్నారనీ జహంగీరు తన ఆత్మకథ తుజుక్-ఇ-జహంగీరీలో రాసుకున్నాడు. ఇకపై ఎవరూ ఈ పని చేయరాదని, చేసినవారికి మరణశిక్ష వేయాలని, ఎవరి దగ్గరైనా చిన్న వయసు ఖోజాలు ఉంటే స్వాధీనం చేసుకోవాలని బెంగాల్ సుబేదారు ఇస్లాం ఖాన్‌కు, ఇతర అధికారులకు ఫర్మానాలు పంపించానని కూడా చెప్పుకున్నాడు. పిల్లలు పాడవుతున్నారన్న ఆ మాటలో, వారిని సరుకుగా కాక నష్టపోయిన మనుషులుగా చూసిన దృష్టి ఉంది. అందుకు జహంగీరుకు దక్కవలసిన గౌరవం దక్కాలి.

కానీ ఆ ఫర్మానా ఎవరిని శిక్షించింది, ఎవరిని వదిలిపెట్టింది అన్నది కూడా చూడాలి. శిక్ష కోసినవాడికే పరిమితం. కొడుకును ఇచ్చి శిస్తు బాకీ తీర్చుకునే స్థితికి రైతును నెట్టిన వసూలు వ్యవస్థ జోలికి ఆ ఉత్తర్వు పోలేదు. పెరిగి పెద్దవారైన ఖోజాలను కొనడాన్నీ, ఉంచుకోవడాన్నీ, కానుకగా స్వీకరించడాన్నీ నిషేధించలేదు. ఆ తర్వాతి సంవత్సరాల్లో బెంగాల్ నుంచి చక్రవర్తికి వచ్చిన నజరానాల్లో, ఏనుగులతో, వస్త్రాలతో పాటు ఖోజాలు కూడా ఉన్నట్టు అదే ఆత్మకథ చెబుతుంది. అరవై ఏళ్ల తర్వాత, 1668లో, ఔరంగజేబు పిల్లలను ఖోజాలుగా చేయడాన్ని సామ్రాజ్యమంతటా నిషేధిస్తూ మళ్లీ ఉత్తర్వు ఇవ్వవలసి రావడమే మొదటి నిషేధం ఎంతవరకు పనిచేసిందో చెప్పే సాక్ష్యం.

చట్టం ఒకచోట అడ్డుపడితే కత్తి మరోచోటికి తరలిపోవడం ఈ వ్యాపారంలో అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది. పద్నాలుగవ శతాబ్దపు అరబ్బు రచయిత అల్-ఉమరీ ఇథియోపియా గురించి రాస్తూ, అక్కడి క్రైస్తవ రాజు ఈ కోతను గట్టిగా నిషేధించాడనీ, అందువల్ల వర్తకులు పిల్లలను ఆ నిషేధాన్ని లెక్కచేయని వష్లూ అనే ఊరికి తీసుకుపోయి కోయించేవారనీ, ఆ తర్వాత గాయాలకు చికిత్స తెలిసినవారున్న హదియాకు చేర్చేవారనీ నమోదు చేశాడు. దక్కన్ ఆస్థానాలకు సముద్రం మీదుగా వచ్చిన హబ్షీ బానిసలు, అంటే అబిసీనియా ప్రాంతపు ఆఫ్రికన్లు, ఈ ఎర్ర సముద్రపు వర్తక మార్గాల నుంచి వచ్చినవారే. వారిలో సైనికులు ఎక్కువ, ఖోజాలు కొందరు. ఇస్లామీయ ధర్మశాస్త్రం మనిషిని ఇలా కోయడాన్ని నిషిద్ధంగా పరిగణించింది. భారత ముస్లిం న్యాయస్థానాల్లో ప్రామాణికంగా నిలిచిన హనఫీ గ్రంథం హిదాయా ఇంకొక అడుగు వేసి, ఖోజాల సేవను కోరుకోవడమే ఈ పనికి జనాన్ని పురికొల్పుతుంది కనుక వారిని సేవకు పెట్టుకోవడం కూడా తగదంది. గిరాకీయే నేరానికి మూలమని పన్నెండవ శతాబ్దపు న్యాయవేత్తకు తెలిసిన సత్యాన్ని, ఆ గ్రంథాన్ని గౌరవించిన ప్రభువులే పట్టించుకోలేదు. అన్యమతస్థుల చేతుల్లో, పరాయి ప్రాంతంలో ముందే కోయబడిన పిల్లవాణ్ణి కొనడంలో దోషం లేదన్నది వారు తమకు తాము చెప్పుకున్న సమాధానం.

గిరాకీకి కారణం స్త్రీలను గురించిన భయంలో ఉంది. ఒక ప్రభువు ఇంటి గౌరవం ఆ ఇంటి స్త్రీల శరీరాల మీద పరాయి పురుషుడి చూపు పడకపోవడంపై ఆధారపడి ఉంటుందని నమ్మిన సమాజంలో, బయటి ప్రపంచానికీ జనానాకూ మధ్య తిరగడానికి, లెక్కలు చూడడానికి, కబుర్లు మోయడానికి, కాపలా కాయడానికి పురుషుడి బలం, విద్య ఉన్న మనిషి కావాలి. అతను తండ్రి కాగల పురుషుడు మాత్రం కాకూడదు. దాంతో పాటు అతనికి భార్యాబిడ్డలు, వారసులు ఉండరు కనుక యజమాని కోసం తప్ప ఎవరికోసమూ కూడబెట్టడన్న నమ్మకం ఒకటి. బానిస చనిపోతే అతని ఆస్తి యజమానిదేనన్న న్యాయసూత్రం ఆ నమ్మకానికి తోడైంది. స్త్రీలను గోడల వెనుక బంధించిన ఆలోచనే ఆ గోడల కాపలాకు పేదవాడి కొడుకు శరీరాన్ని కోసింది. పురుషులపై జరిగే హింస గురించి మాట్లాడడం స్త్రీల బాధను తక్కువ చేయడమవుతుందని ఇప్పటికీ కొందరు అనుకుంటారు, దానికి విరుద్ధంగా స్త్రీల బాధను కొట్టిపారేయడానికే ఈ విషయాన్ని ఎత్తేవారూ ఉన్నారు; ఖోజాల చరిత్ర చదివితే ఆ రెండు హింసలకూ మూలం ఒకటేనని తెలుస్తుంది.

తెలుగుదేశపు చరిత్ర ఈ వ్యాపారాన్ని ముందుగా ఎదుర్కొన్నది ఓరుగల్లు కోట బయట. 1310లో కోటను ముట్టడించి, ప్రతాపరుద్రుడి నుంచి ఏనుగులను, గుర్రాలను, ధనరాశులను, ఏటా కప్పం కడతానన్న ఒప్పందాన్ని రాబట్టిన మాలిక్ కాఫూరు ఒక ఖోజా. 1299లో అలాఉద్దీన్ ఖిల్జీ సేనలు గుజరాత్‌పై దాడి చేసినప్పుడు ఖంభాత్ రేవులో పట్టుబడి ఢిల్లీకి చేరిన బానిస అతను. వెయ్యి దీనార్లకు కొన్నవాడన్న అర్థంలో హజార్‌దీనారీ అనే పేరు అతణ్ణి జీవితాంతం అంటిపెట్టుకుంది. సేనాధిపతిగా దక్షిణాదిలో అతను చేసిన విధ్వంసాన్ని తెలుగు పాఠకుడు మరచిపోనవసరం లేదు. కానీ సుల్తానుకు అతనిపై ఉన్న మమకారాన్ని, అతని ఎదుగుదలను అసహ్యంతో రాసిన జియాఉద్దీన్ బరనీ వంటి చరిత్రకారులు, ఆ సంబంధంలో ఒకరు యజమాని, ఒకరు కొనబడినవాడు అన్న సంగతిని పక్కనపెట్టి, ఖిల్జీ పాలన పతనానికి బాధ్యతనంతా కొనబడినవాడి స్వభావంలోనే వెతికారు. ఖోజా అంటే కృతఘ్నుడు, కుట్రదారు అన్న ముద్ర అలాంటి పుటల్లోనే గట్టిపడింది.

దక్కన్ సుల్తానుల కాలపు ఒక సంఘటన ఈ సంబంధం లోపలి హింసను ఇంకా నేరుగా చూపుతుంది. తళ్లికోట యుద్ధంలో విజయనగరాన్ని ఓడించిన కూటమిలోని బీజాపూరు సుల్తాను మొదటి అలీ ఆదిల్‌షా 1580లో హత్యకు గురయ్యాడు. అహ్మద్‌నగర్ సేనలు బీదరును చుట్టుముట్టినప్పుడు అక్కడి పాలకుడు అలీ బరీద్ సహాయం కోరగా, అందుకు ప్రతిఫలంగా బరీద్ దగ్గరున్న ఇద్దరు అందమైన ఖోజాలను పంపమని ఆదిల్‌షా షరతు పెట్టాడు. ఇష్టం లేకపోయినా బీదరు పాలకుడు వారిని పంపక తప్పలేదు. వచ్చినవారిలో పెద్దవాడు, సుల్తాను గదిలో, వెంట దాచి తెచ్చుకున్న కత్తితో అతణ్ణి పొడిచి చంపాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు బీజాపూరు కొలువులో చేరిన చరిత్రకారుడు ఫిరిష్తా ఈ కథ చెప్పాడు. ఆ ఇద్దరినీ ఎందుకు కోరారో అందరికీ తెలుసు, వారికీ తెలుసు. ఒక రాజ్యం మరో రాజ్యానికి సైనిక సహాయపు వెలగా రెండు శరీరాలను చెల్లించింది. దక్కన్ చరిత్రలో ఇది రాజహత్యల జాబితాలో ఒకటిగా నిలిచింది. తనపై జరగబోయే అత్యాచారాన్ని ఆపడానికి ఒక బానిస చేసిన ప్రయత్నంగా దాన్ని చదవడానికి ఫిరిష్తా చెప్పిన వివరాలే చాలినంత ఆధారం.

ఖోజాల గొంతు నేరుగా వినిపించే సందర్భం ఒకటి వెనిస్ నుంచి వచ్చిన నికొలావ్ మనుచ్చి రచనలో ఉంది. ఆగ్రా కోటలో బందీగా ఉన్న షాజహానుకు కాపలాగా ఔరంగజేబు నియమించిన ఇతిబార్ ఖాన్ బెంగాల్ నుంచి వచ్చిన ఖోజా. కొడుకు గొప్ప పదవిలో ఉన్నాడని విని ముసలి దంపతులు అంత దూరం నుంచి అతణ్ణి వెతుక్కుంటూ వచ్చి, తామే అతని తల్లిదండ్రులమని చెప్పుకున్నారు. ఇతిబార్ ఖాన్ వారిని పరీక్షగా చూసి గుర్తుపట్టి, తనను కోయించి ఆ సొమ్ము తిన్నవాళ్లు, మనిషికి దక్కే సుఖాల్లో పెద్దదానికి తనను దూరం చేసినవాళ్లు, ఏ ముఖంతో తన ఎదుటికి వచ్చారని నిలదీసి, ఇద్దరికీ కొరడా దెబ్బలు వేయించమని ఆజ్ఞాపించాడు. అక్కడే ఉన్న మనుచ్చి, అన్నల చేతిలో అమ్ముడుపోయిన యోసేపు కథ గుర్తుచేసి, వారు అమ్మకపోతే ఇంత పదవి వచ్చేది కాదని నచ్చజెప్పిన మీదట, ఇతిబార్ ఖాన్ కొంత డబ్బు ఇచ్చి మళ్లీ తన కళ్లబడవద్దని వారిని పంపించివేశాడు.

మనుచ్చి రాతల్లో విన్నవి, ఊహించినవి చాలా కలిసి ఉంటాయి కనుక అతని మాటలను జాగ్రత్తగా తీసుకోవాలి. కానీ ఈ కథ బెంగాల్ గురించి ఇతర ఆధారాలు చెప్పేదానితో సరిపోతుంది, అతను తాను చూసినదిగా చెబుతున్న విషయం కూడా. ఇందులో కదిలించేది ఆ కోపం. దశాబ్దాల పాటు దర్బారులో ఎదిగి, మాజీ చక్రవర్తికే జైలరుగా నిలిచిన మనిషి తన జీవితాన్ని ఒక విజయగాథగా భావించలేదు. పదవి వచ్చింది కదా అన్న మనుచ్చి ఓదార్పు అప్పటి లోకమంతా చెప్పిన ఓదార్పే. ఆ ముసలివారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి: శిస్తు కట్టలేని రైతుకు కొడుకును అప్పగించడం మొత్తం కుటుంబం బతకడానికి మిగిలిన చివరి దారి అయి ఉండవచ్చు. కోతకు నిర్ణయం తీసుకున్న చేతులు చాలా దూరంలో, వసూలు లెక్కలు రాసే కచేరీల్లో ఉన్నాయి. కొడుకు కోపం అందినంత దూరంలో తల్లిదండ్రులు మాత్రమే నిలిచారు.

పదవులు పొందినవారు నిజంగానే ఉన్నారు. అక్బరు తొలి ఏళ్లలో ఖాలిసా భూముల, అంటే నేరుగా చక్రవర్తి ఖజానాకు ఆదాయం చేరే భూముల, లెక్కలను చక్కదిద్దిన ఫూల్ మాలిక్ ఇతిమాద్ ఖాన్ ఖోజా. ఔరంగజేబుకు ఆంతరంగికుడైన బఖ్తావర్ ఖాన్ మిరాత్-ఉల్-ఆలమ్ అనే చరిత్ర గ్రంథంతో గుర్తుండిపోయాడు. పద్దెనిమిదవ శతాబ్దపు అవధ్ రాజ్యంలో అల్మాస్ అలీ ఖాన్ చేతిలో రాజ్యాదాయంలో పెద్ద భాగం వసూలయ్యే జిల్లాలు ఉండేవి. వీరు శిష్యులను దత్తత చేసుకున్నారు, మసీదులు, సరాయిలు కట్టించారు, తమదైన బంధువర్గాన్ని నిర్మించుకున్నారు. పైకి వచ్చిన ఈ కొద్దిమంది పేర్లు మిగిలాయి. ఇళ్లలో నీళ్లు మోసి, గడపల దగ్గర పడుకుని, పేరు లేకుండా పోయినవారి సంఖ్య దానికి ఎన్నో రెట్లు.

అవధ్‌లోనే 1782లో ఈస్టిండియా కంపెనీ ఇద్దరు ఖోజాలపై జరిపిన హింస లండన్ పార్లమెంటు దాకా వెళ్లింది. ఫైజాబాదులో ఉన్న నవాబు తల్లి బహూ బేగం, నాయనమ్మల ఖజానాను రాబట్టడానికి, వారి ఇంటి వ్యవహారాలు చూసే జవాహిర్ అలీ ఖాన్, బహార్ అలీ ఖాన్‌లను జనవరిలో పట్టుకుని, ఇనుప సంకెళ్లు వేసి, తిండి ఆపి, దేహదండన బెదిరింపులతో దాదాపు ఏడాది పాటు నిర్బంధంలో ఉంచారు. అప్పటి గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌పై అభిశంసనలో ఇది ప్రధానారోపణల్లో ఒకటైంది. 1787లో పార్లమెంటు సభ్యుడు షెరిడన్ దీనిపై కామన్స్ సభలో గంటల తరబడి చేసిన ప్రసంగం ఇంగ్లండులో మారుమోగింది. అయితే ఆ వాగ్ధాటి అంతా గొప్పింటి స్త్రీల ఆస్తి, వారి గౌరవం చుట్టూ తిరిగింది. సంకెళ్లు మోసిన పురుషులు ఆ వాదంలో, కంపెనీ తమ యజమానురాళ్లను ఎంత దూరం బాధించిందో చూపే రుజువులుగా ఉపయోగపడ్డారు. 1795లో హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడు.

పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిష్ చట్టం ఈ వ్యవస్థపై రెండు విరుద్ధ దిశల్లో పనిచేసింది. 1843 చట్టం బానిసత్వానికి న్యాయస్థానాల గుర్తింపును తొలగించింది. 1860 భారత శిక్షాస్మృతి 320వ సెక్షనులో తీవ్రమైన గాయాలను ఎనిమిదింటిని వరుసగా పేర్కొంటూ, కంటిచూపు పోగొట్టడం కంటే, ఎముక విరగగొట్టడం కంటే ముందు, మొట్టమొదటిదిగా పుంస్త్వ నాశనాన్ని చేర్చింది. ఈ నేరానికి గురైన పురుషుణ్ణి బాధితుడిగా భారతదేశపు శాసనం ఇంత సూటిగా గుర్తించడం జహంగీరు ఫర్మానా తర్వాత చెప్పుకోదగిన మలుపు. అదే శిక్షాస్మృతిలోని 377వ సెక్షను మాత్రం ప్రకృతి విరుద్ధ సంభోగం అన్న పేరుతో చర్యను శిక్షించిందే తప్ప, అందులో బలవంతం ఉందా, సమ్మతి ఉందా అన్న తేడా చూడలేదు. దానితో అత్యాచారానికి గురైన మగవాడు ఫిర్యాదు చేస్తే, తాను కూడా ఆ చర్యలో భాగస్వామినన్న అనుమానాన్ని ముందు తొలగించుకోవలసి వచ్చేది.

1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం రెండో భాగం ఆ అనుమానాన్ని ఒక పాలనా పద్ధతిగా మార్చింది. నపుంసకుడు అంటే పుంస్త్వం లేదని తానే ఒప్పుకున్న లేదా వైద్య పరీక్షలో అలా తేలిన పురుషుడు అని నిర్వచించి, వారిలో పిల్లలను ఎత్తుకుపోతారని, కోస్తారని, 377 కింది నేరాలు చేస్తారని అనుమానం ఉన్నవారి పేర్లను, ఆస్తులను నమోదు చేయమంది. నమోదైనవారు స్త్రీ దుస్తులు వేసుకుని వీధిలో కనిపించినా, బహిరంగంగా ఆడినా పాడినా రెండేళ్ల దాకా జైలు. పదహారేళ్లలోపు బాలుణ్ణి దగ్గర ఉంచుకోకూడదు. దత్తత, వీలునామా, దానపత్రం చెల్లవు. ఈ చట్టం గురి ప్రధానంగా హిజ్రాలు. హిజ్రాలూ ఖ్వాజాసరాలూ ఒకరు కారు. హిజ్రాలది తమదైన గురుశిష్య పరంపర, లింగ గుర్తింపు ఉన్న సమాజం, వయసు వచ్చాక సొంత నిర్ణయంతో అందులో చేరినవారిని ఈ వ్యాసం మాట్లాడుతున్న హింసతో కలపడం వారికి అన్యాయం. కానీ వలస పాలకుడి రిజిస్టరుకు ఈ తేడాలు అక్కరలేకపోయాయి. చిన్నప్పుడు బలవంతంగా కోయబడినవాడు, ఇష్టపూర్వకంగా ఆ జీవితాన్ని ఎంచుకున్నవాడు, ఆ రెండూ కానివాడు ఒకే నిర్వచనం కింద చేరి, ముగ్గురూ సంభావ్య నేరస్థులయ్యారు. తరతరాలుగా ఈ శరీరాలను కొన్న ప్రభువుల పేర్లు రాయడానికి ఏ రిజిస్టరూ పెట్టలేదు. 1884లో అలహాబాదు హైకోర్టు ముందుకు వచ్చిన ఖైరాతీ కేసు ఈ ధోరణి ఎంత దూరం పోయిందో చూపుతుంది: స్త్రీ దుస్తుల్లో పాడుతున్నందుకు పట్టుకుని, వైద్య పరీక్ష చేయించి, ఆ శరీర లక్షణాల ఆధారంగానే 377 కింద కింది కోర్టు శిక్ష వేసింది, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో అన్నదేదీ రుజువు కాలేదని హైకోర్టు దాన్ని కొట్టివేసింది.

బ్రిటిష్ ఇండియా చట్టంలోని ఈ భాగాన్ని హైదరాబాదు సంస్థానం 1329 ఫసలీలో, అంటే 1919లో, తన సొంత చట్టంగా తెచ్చుకుంది. నమోదు, వారంటు లేకుండా అరెస్టు, స్త్రీ వేషానికి, ఆటపాటకు జైలు, పదహారేళ్లలోపు బాలుడు దగ్గర ఉంటే నేరం అన్న నిబంధనలు దాదాపు అలాగే దిగుమతయ్యాయి. జనానా గడపల్లో ఖోజాలను నిలిపిన రాజ్యమే, ఆ గడపల బయట కనిపించిన నపుంసకుణ్ణి అనుమానితుడిగా ప్రకటించింది. సంస్థానం పోయింది, ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, తెలంగాణ ఏర్పడింది. పేరులో ప్రాంతం మారుతూ ఆ శాసనం చట్టాల పుస్తకంలో కొనసాగింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు అది సమానత్వ హక్కుకు, జీవించే హక్కుకు విరుద్ధమని, రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల ముందు నిలవదని కొట్టివేసింది. నూటనాలుగేళ్లు బతికిన ఆ చట్టంలో, కోయబడిన మనిషికి పరిహారం గురించి, వైద్యం గురించి, ఆశ్రయం గురించి ఒక్క నిబంధన లేదు.

మగపిల్లల విషయంలో శాసనం తర్వాతి కాలంలో కొంత దారికి వచ్చింది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన, ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో జరిపిన అధ్యయనంలో, లైంగిక వేధింపులకు గురైనట్టు చెప్పిన పిల్లల్లో 52.94 శాతం బాలురే. 2012లో వచ్చిన పోక్సో చట్టం బాలుడు, బాలిక అన్న తేడా లేకుండా పద్దెనిమిదేళ్లలోపు అందరికీ రక్షణ కల్పించింది. పెద్దవారైన పురుషుల సంగతి వేరు. అత్యాచారానికి గురయ్యేది స్త్రీయేనన్న నిర్వచనాన్ని మార్చాలని లా కమిషన్ 2000 నాటి 172వ నివేదికలో, జస్టిస్ వర్మ కమిటీ 2013లో సిఫారసు చేశాయి. 2013 ఫిబ్రవరి ఆర్డినెన్సు ఆ మార్పును తెచ్చింది కూడా. రెండు నెలల్లోపే దాని స్థానంలో వచ్చిన చట్టం పాత నిర్వచనానికి తిరిగి వెళ్లింది. 2018లో సుప్రీంకోర్టు 377వ సెక్షను నుంచి సమ్మతితో జరిగే సంబంధాలను తొలగించినప్పుడు, బలవంతం జరిగిన సందర్భాలకు ఆ సెక్షనును నిలిపి ఉంచింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షనులో తీవ్ర గాయాల జాబితా మొదట పుంస్త్వ నాశనమే ఉంది. 377కు మాత్రం అందులో బదులు లేదు. వయోజన పురుషుడిపై లైంగిక దాడి జరిగితే ఇప్పుడు పోలీసులు గాయం, నిర్బంధం, దాడి వంటి సాధారణ సెక్షన్ల కింద నమోదు చేయవలసిందే. ఈ లోటును పూరించమని కోరిన పిటిషనును, చట్టం చేయడం పార్లమెంటు పని అంటూ, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు స్వీకరించలేదు.